గిటార్లు చేస్తానంటున్న అబ్బాయికి రెండు లక్షలు ఇవ్వాలా?

కాకినాడ నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్ల అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాడు, గిటార్ బాగానే వాయిస్తాడు, ఇప్పుడు వాయించడం కాదు చేత్తో గిటార్లు తయారు చేస్తాను, అందుకు ఒక ఏడాది చదువు ఆపుతాను అంటున్నాడు. పనిముట్లు, జిగ్‌లు (కోత, అతుకు గురి తప్పకుండా పట్టి ఉంచే అచ్చులు), చెక్క కొనడానికి రెండు లక్షలకు లిస్టు రాసిచ్చాడు. మేనమామకి ఊళ్లోనే తలుపులు, మంచాలు చేసే షెడ్డు ఉంది. "ఇది పిచ్చా, దీంట్లో బతుకు ఉందా, గోల్డ్ లోన్ పెట్టి ఇవ్వమంటారా?" అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, పిచ్చి కాదు. బతుకు కూడా ఉంది, కాకపోతే మీవాడు రాసిచ్చిన లిస్టులో లేదు. చదువు ఆపనివ్వొద్దు, బంగారం తాకట్టు పెట్టొద్దు, ముప్పై వేలు చేతిలో పెట్టి చూడండి. ఎందుకో చెప్తాను, మీ అబ్బాయికి కూడా చదవమని ఇవ్వండి, ఇందులో చాలా ముక్కలు అతని కోసమే.

లిస్టులో ఏముంది? సైడ్‌లు, అంటే గిటార్ పక్క చెక్కలు వంచే బెండింగ్ మెషీను, దానికి హీటింగ్ బ్లాంకెట్, వంచిన పక్కల్ని పట్టి ఉంచే రెడీమేడ్ మోల్డు, పలకలకి కొంచెం ఉబ్బు తెచ్చే గుంట పలకలు (రేడియస్ డిష్‌లు) రెండు, మెడ మీది లోహపు మెట్లకి (ఫ్రెట్లకి) గాడులు కోసే జిగ్, చెక్కని పల్చన చేసే థిక్‌నెస్ సాండర్, రోజ్‌వుడ్ సెట్లు, సిట్కా స్ప్రూస్ అనే చెక్కతో టాప్‌లు, అంటే ముందు పలకలు. అన్నీ నిజంగా వాడేవే, చెత్త ఒక్కటీ లేదు. కానీ సగానికి పైగా గిటార్ చేసేవాడు తనే చేసుకోగలిగినవి, చేసుకోవాల్సినవి కూడా. మోల్డు లోపలి అంచు ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా గిటార్ రెండు పక్కలూ సమానంగా రావు, మెడ ఓ పక్కకి తిరుగుతుంది, ఆ మిల్లీమీటరు కోసం ఆకురాయి పట్టుకుని సాయంత్రమంతా విసుగు లేకుండా కూర్చోగలడా లేదా అన్నదే మీకు తెలియాల్సిన సంగతి. జిగ్‌లు డబ్బిచ్చి కొనేస్తే మీకు గిటార్ వస్తుందేమో గానీ ఆ సంగతి మాత్రం తేలదు.

మెకానికల్ కుర్రాడు కదా, క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్) వచ్చే ఉంటుంది. గిటార్ బాడీ గీత ఒకటికి ఒకటి కొలతలో గీసి, పూజగది తలుపులకి జాలీ డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపుకి తీసుకెళ్లి 18 ఎంఎం ప్లైవుడ్‌లో కోయించి, ఆ పొరలు అతికిస్తే మోల్డు తయారవుతుంది. రేడియస్ డిష్ కూడా అక్కడే. టాప్‌కి 25 అడుగుల వ్యాసార్ధం అంటే వినడానికి పెద్ద విషయంలా ఉంటుంది గానీ, 40 సెంటీమీటర్ల వెడల్పుకి మధ్యలో వచ్చే గుంట రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. బ్యాక్‌కి, అంటే వెనక పలకకి 15 అడుగులు తీసుకుంటారు, అది నాలుగున్నర దాకా వస్తుంది. పలకల లోపలి వైపు బలానికి అతికించే సన్న కర్రల్ని బ్రేసులంటారు, వాటిని ఈ గుంటలో పెట్టి అతికించేటప్పుడు వాటి మీద ఒత్తిడి కావాలి, దానికి గో-బార్ డెక్ అంటారు: రెండు ప్లైవుడ్ పలకలు, నాలుగు మూలలా నాలుగు థ్రెడ్ రాడ్లు, మధ్యలో వంచి ఇరికించడానికి వెదురు బద్దలు. ఇంపోర్టెడ్ ఫైబర్ కడ్డీలు అక్కర్లేదు. సైడ్‌ల లోపలి అంచు వెంట అతికించే సన్న చెక్క పట్టీని (లైనింగ్) పట్టి ఉంచడానికి బట్టలారేసే క్లిప్పులకి రబ్బరు బ్యాండ్ బిగించి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ ఇంటి దండెం మీద నుంచి ఓ ముప్పై మాయమైతే కంగారు పడకండి.

వంపులకి మెషీన్ వద్దు. రెండంగుళాల లోహపు పైపు ఒకటి వైస్‌లో బిగించి, లోపల టార్చ్‌తో వేడి చేసి, రెండు మిల్లీమీటర్లకి పల్చన చేసిన చెక్కని కొంచెం తడిపి దాని మీద మెల్లగా వంచుతారు. చెక్క ఎక్కడ లొంగుతుందో, ఎక్కడ విరగబోతుందో చేతికే తెలుస్తుంది. మంటతో పని కాబట్టి వాళ్ల మామయ్య పక్కన ఉన్నప్పుడే చేయాలి.

ఫ్రెట్ల సంగతి లెక్క, అందులో మీవాడికి ఇబ్బంది ఉండదు. స్కేలు, అంటే నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే చెక్క) దాకా తీగ పొడవు, 645 మిల్లీమీటర్లు అనుకుంటే దాన్ని 17.817తో భాగిస్తే 36.2, మొదటి ఫ్రెట్ నట్ నుంచి అంత దూరం. మిగిలినదాన్ని మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోవాలి. పన్నెండోది సరిగ్గా సగంలో, 322.5 దగ్గర పడకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. జిగ్‌కి బదులు గాడులు కోయడానికి ఒక చెక్క మైటర్ బాక్సు, 0.6 మిల్లీమీటర్ల మందం కోసే సన్న రంపం చాలు.

మరి కొనాల్సినవి ఏంటి? మంచి ఉలులు మూడు, చిన్న చిత్రిక ఒకటి, స్టీల్ స్క్రేపర్లు, సానరాళ్లు, తిన్నగా ఉండే స్టీల్ స్కేలు, డిజిటల్ వెర్నియర్, ఫ్రెట్ రంపం, నట్ ఫైళ్లు, క్లాంపులు. వీటిలో సానరాళ్లకి ఎక్కువ పెట్టండి. మేనమామ దగ్గర ఇవి సగం ఉంటాయి, కానీ తలుపుల పనికి వాడే ఉలికి, మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ మీద వాడే ఉలికి పదునులో చాలా తేడా ఉంటుంది, ఆ పదును పట్టడం మొదటి నెల పాఠం అనుకోండి. జిగురు విషయంలో ఒక హెచ్చరిక. బ్రిడ్జి దగ్గర మామూలు తెల్ల జిగురు వాడితే ఆరు తీగలు రాత్రీ పగలూ 70 కిలోలకు పైగా లాగుతుంటాయి, ఆ లాగుడికి అది మెల్లగా జారుతుంది, ఎండలో కారులో పెడితే ఇంకా త్వరగా. గట్టిపడేరకం పసుపు జిగురు గానీ, జంతువుల చర్మం నుంచి తీసే, వేడి చేసి వాడే హైడ్ గ్లూ గానీ వాడాలి.

ఇప్పుడు చెక్క. యూట్యూబ్ చూసి కుర్రాళ్లు ఇక్కడే పడిపోతారు. మొదటి గిటార్‌కి రోజ్‌వుడ్ కొనొద్దు. టాప్‌కి మాత్రం నిజమైన స్ప్రూస్ పలక జత, క్వార్టర్ సాన్‌ది (చెట్టు వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోసినది), తక్కువ గ్రేడుదైనా సరే కొనాలి, ఎందుకంటే శబ్దం చాలావరకు అక్కడి నుంచే వస్తుంది. వెనక, పక్కలకి మన రైతులు తోటల్లో పెంచుతున్న మహాగని బాగా ఆరినది దొరికితే చాలు, మెడకి కూడా అదే, లేదా గుమ్మడి టేకు. తలుపులకి వాడే అసలు టేకులో నూనె ఎక్కువ, అతికే ముందు తుడవకపోతే జిగురు పట్టదు, కాబట్టి ప్రస్తుతానికి దాన్ని మామయ్య తలుపులకే వదిలేయండి. మన దగ్గర జిట్రేగి, ఇరుగుడు అనే చెట్టే ప్రపంచం అంతా ఇండియన్ రోజ్‌వుడ్ పేరుతో గిటార్లకి వాడేది, అది చేయి తిరిగాక మూడో గిటార్‌కి. కొన్నప్పుడు బిల్లు, అటవీ శాఖ పర్మిట్ కాగితాలు అడగాలి. ఈ జాతి మొత్తం 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో జాబితాలో ఉంది. తయారైన వాయిద్యాలకి 2019 చివర్లో మినహాయింపు వచ్చింది గానీ విడి చెక్క దేశం దాటించాలంటే పర్మిట్ ఉండాల్సిందే. ఎర్రచందనం ముక్క ఉందని ఎవరైనా అన్నా, ఊరికే ఇస్తానన్నా ముట్టుకోవద్దు. జపాన్‌లో షామిసెన్ మెడలకి అది వాడతారన్న మాట నిజమే, మీవాడికి కేసు అవుతుందన్న మాట అంతకన్నా నిజం.

కాకినాడలో ఉన్నారు కాబట్టి అసలు టెన్షన్ ఇదీ: తేమ. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్కలో దాదాపు 16 శాతం నీరు నిలుస్తుంది, గాలి 45 శాతం ఉంటే ఎనిమిదీ తొమ్మిదీ. వానాకాలంలో మీ ఊళ్లో షెడ్డులో టాప్‌కి బ్రేసులు అతికించి, ఆ గిటార్‌ని ఏప్రిల్‌లో హైదరాబాద్ తీసుకెళ్తే 40 సెంటీమీటర్ల టాప్ అడ్డంగా సుమారు నాలుగు మిల్లీమీటర్లు కుంచించుకోవాలని చూస్తుంది, కింద అడ్డంగా ఉన్న బ్రేసులు కుంచించుకోవు, దాంతో పలక చీలుతుంది. ఫ్రెట్ల చివరలు అంచు దాటి బయటికొచ్చి చేతికి గుచ్చుకుంటాయి. కాబట్టి ఇంట్లో ఏసీ ఉన్న చిన్న గది ఒకటి, తేమ కొలిచే ఐదారు వందల హైగ్రోమీటరు ఒకటి, చెక్క ఆ గదిలోనే కొన్ని వారాలు ఉండి ఆ గాలికి అలవాటు పడాలి, మీటరు 45–50 మధ్య చూపించిన రోజునే బ్రేసులు అతకాలి. కోత, చిత్రిక, దుమ్ము పని అంతా షెడ్డులో, అతుకు పని గదిలో. ఈ ఒక్క క్రమశిక్షణ పాటిస్తే కోస్తాలో చేసిన గిటార్‌కీ భయం లేదు.

బతుకు సంగతి. కొత్తవాడు చేసిన గిటార్‌ని మొదటి రెండు మూడేళ్లు ఎవరూ మంచి ధరకి కొనరు. చేయి తిరిగినవాళ్లకే ఒక్కో గిటార్‌కి వంద గంటలు దాటుతాయి, ఫ్యాక్టరీ గిటార్ ఏడెనిమిది వేలకే దొరుకుతోంది, దానితో ధరలో పోటీ పడాలనుకోవడం దండగ. ఈలోపు డబ్బు వచ్చేది రిపేర్లలో. మీ వైపు ప్రతి చర్చిలో గిటార్ ఉంది, కాలేజీల్లో బ్యాండ్‌లున్నాయి, సముద్రపు గాలికి బ్రిడ్జిలు లేస్తాయి, మెడలు వంగుతాయి, ఫ్రెట్లు అరిగిపోతాయి, నట్ గాడులు లోతైపోతాయి. వీటిని సరిగ్గా చేసేవాళ్లు కాకినాడ, రాజమండ్రిలాంటి ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే కొత్తది మొదలుపెట్టే ముందు ఎవరిదైనా విరిగిన పాత గిటార్ తెచ్చి పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి, తీగలు కట్టి వాయించి చూపించమనండి. శని, ఆదివారాలు రిపేర్లు, సెలవుల్లో సొంత గిటార్, డిగ్రీ చేతికొచ్చేలోపు రెండు గిటార్లు పూర్తయితే చాలా వేగంగా వెళ్తున్నట్టే.

డిగ్రీ ఎందుకు అంటారా? ఆపేస్తే తిరిగి వెళ్లడం కష్టం, వెళ్లకపోతే ఇంకా కష్టం, అది ఒకటి. రెండోది, చెన్నైలో యమహా ఫ్యాక్టరీ ఉంది, అక్కడ గిటార్లు కూడా చేస్తారు, మెకానికల్ డిగ్రీతో పాటు ఫ్రెట్ ఎలా వేస్తారో తెలిసిన కుర్రాడు ఇంటర్వ్యూలో మిగతావాళ్లలా ఉండడు. నేర్చుకోవడానికి మన దగ్గర గిటార్ తయారీకి డిగ్రీ కోర్సు కోసం వెతకడం కన్నా, బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ వుడ్ సైన్స్ సంస్థ, ఐడబ్ల్యూఎస్‌టీ, చెక్కపని శిక్షణ ఇస్తుంది, సెలవుల్లో అది చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి కూడా ఒకసారి పంపండి. అక్కడ పనస దుంగ ఒకటే తొలిచి వీణ చేస్తారు, మెట్లు మైనంలో నిలబెట్టి చెవితో మేళం కడతారు, గిటార్‌లో లెక్కతో కోసే గాడికి అది పూర్తిగా వేరే దారి, చూస్తే మీవాడి కళ్లు తెరుచుకుంటాయి. డిజైన్ వైపు మనసు పోతే బీటెక్ తర్వాత ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఎం.డెస్‌కి, అంటే డిజైన్ పీజీకి రాయొచ్చు, అహ్మదాబాద్‌లో ఫర్నిచర్ డిజైన్ ఉంది.

అమెరికాలో అరిజోనాలోని రొబెర్టో-వెన్ లాంటి స్కూళ్ల గురించి మీవాడు ఇప్పటికే మీ చెవిలో వేసి ఉంటాడు. మంచి స్కూలే, 1975 నుంచి ఉంది. కానీ ఇలాంటి వొకేషనల్ కోర్సుల వీసా మీద చదువయ్యాక అక్కడ పని చేసే వీలు నెలల్లోనే ఉంటుంది, మన పిల్లలు ఎంఎస్ చేసి ఉండిపోయినట్టు కుదరదు. సొంత చేత్తో రెండు గిటార్లు చేశాక వెళ్తే ఆ ఫీజుకి అర్థం ఉంటుంది.

గోల్డ్ లోన్ మాటకొస్తే, వాళ్ల మామయ్య విశ్వకర్మ పథకం కింద వడ్రంగిగా అర్హులేమో దగ్గర్లోని సీఎస్‌సీ సెంటర్‌లో కనుక్కోండి. అందులో పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు ఉంటాయి, ఈ ఐదేళ్లలో ముద్ర లాంటి అప్పు తీసుకుని తీర్చకుండా ఉంటే మాత్రం రాదు. చదువుకుంటున్న మీ అబ్బాయికి అది వర్తించదు, షెడ్డుకి పనికొస్తుంది. ముప్పై వేలల్లో మాత్రం మొదటి బిల్లు మంచి డస్ట్ మాస్కుది ఉండాలి. రోజ్‌వుడ్ దుమ్ము కొందరికి ఒంటి మీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం తెస్తుంది, ఒకసారి పడకపోతే ఇక ఆ చెక్క జన్మలో ముట్టుకోలేరు.