తాతగారి పెన్షన్ నలభై ఏళ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తాతగారి మీద నువ్వు రాసిన వ్యాసం ఆగి ఆగి చదివాను. తొంభై ఎనిమిదేళ్లు బతికిన మనిషిని కాగితం మీదకి తేవాలనుకోవడమే పెద్ద పని. వాక్యం నీకు బాగా పట్టుబడింది, దాని గురించి నాకు బెంగ లేదు. నా అభ్యంతరమల్లా ఒక్క లెక్కలోనే.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో సైన్యంలో సమాచారాలు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో చేరి 1946లో బయటికొచ్చారు. అంటే సైన్యంలో నాలుగేళ్లు. నిజాం కాలపు హైదరాబాదు స్టేషన్ డెక్కన్ రేడియో, ఆకాశవాణి కలిపితే ముప్పై ఏళ్ల పైమాటే. 1980లో యాభై ఎనిమిదికి రిటైరయ్యాక ఇంకో నలభై ఏళ్లు బతికారు. నీ తొమ్మిది పేజీల్లో ఆరు, 1944లో నాగా కొండల్లో జపాన్ సైన్యంతో జరిగిన కోహిమా యుద్ధానికే పోయాయి. రేడియోకి మూడు పేజీలు కూడా రాలేదు. ఆ నలభై ఏళ్లకి మిగిలింది ఒక్క వాక్యం: "అనంతరం విశ్రాంత జీవితం గడిపారు."

యుద్ధం గురించి రాయొద్దనడం లేదు. 25 లక్షల దాకా పెరిగిన ఆ బ్రిటిష్ ఇండియా సైన్యంలో మన ఇళ్లవాళ్లూ ఉన్నారని ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. కానీ డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు మీద జరిగిన పోరు నీ వ్యాసంలోకి ఎందుకొచ్చింది? కోహిమా మీద ఏ పుస్తకం తీసినా ఉంటుంది కాబట్టి. ఆయన అక్కడ ఉన్నట్టు నీ దగ్గర ఆధారం లేదు. డిశ్చార్జి బుక్కు ఇంట్లోనే ఉందన్నావుగా, ముందు అది తెరిచి ఏ యూనిట్టో, ఏ ట్రేడో, అంటే ఏ పనిలో ఉన్నారో చూడు. వైర్‌లెస్ ఆపరేటర్ పని వేరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, గరగరలో ఎక్కడో సన్నగా వినిపించే మోర్స్ చుక్కల్నీ గీతల్నీ కాగితం మీదకి దించాలి. కొండ అడ్డొస్తే సిగ్నల్ అందదు, వానకి సెట్టు చెమ్మగిల్లుతుంది, బ్యాటరీ అయిపోయిందా, అంతే సంగతులు. ఆ టెన్షన్ రాయి. గుండ్ల వర్షం ఎవరైనా రాస్తారు.

డెక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో మొదలైందనీ, 1950 ఏప్రిల్ 1న కేంద్రం చేతికి వెళ్లిందనీ సరిగ్గానే రాశావు. 1948 సెప్టెంబర్ 17న నిజాం రేడియోలో మాట్లాడినప్పుడు డ్యూటీలో ఉన్నది మీ తాతగారేనని మాత్రం తేల్చేశావు. ఇంట్లో అలా చెప్పుకునేవారా? అయితే "ఇంట్లో అలా చెప్పుకునేవారు" అనే రాయి. దానివల్ల ఆయనకి వచ్చే లోటేమీ లేదు, నీ మాట మీద పాఠకుడికి గురి కుదురుతుంది.

నాకు ఎక్కువ బాధనిపించింది "టేపు ఎడిటింగులో దిట్ట" అని ఒక్క ముక్కలో దాటేసిన చోట. దిట్ట అంటే ఏం చేసేవారు? పావు అంగుళం వెడల్పు టేపు సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున నడుస్తుంది. వక్త మధ్యలో దగ్గాడనుకో, ఆ దగ్గు టేపు మీద జానెడు కూడా ఉండదు. రెండు స్పూళ్లనీ చేత్తో పట్టి ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తూ, మూలుగులా సాగిపోయే ఆ శబ్దంలో దగ్గు ఎక్కడ మొదలైందో చెవితోనే పట్టుకోవాలి. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనకవైపు అతుకు టేపు వేసి గోటితో రుద్దాలి. కోత అర అంగుళం జరిగితే చాలు, తర్వాతి మాటలో మొదటి అక్షరం తెగిపోతుంది. ఊపిరి పీల్చే చోటు మొత్తం కోసేస్తే మాట్లాడేది మనిషిలా అనిపించదు. అతుకు బాగా కుదిరితే విన్నవాళ్లకి అక్కడ అతుకుందనే తెలియదు. ఆయన పని అది. యుద్ధంలో గరగరలోంచి మోర్స్ ఏరుకున్న చెవే ఇక్కడ ఊపిరికీ దగ్గుకీ మధ్య చోటు వెతికింది. ఆ చెవిని పట్టుకుంటే నీ వ్యాసం మొత్తం ఒక్కటిగా నిలబడుతుంది. పైగా ఆ రోజుల్లో టేపులు చెరిపేసి మళ్లీ వాడేవారు. ఆయన చేతి పని చాలావరకు అలాగే పోయి ఉంటుంది. నువ్వు రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

ఇక ఆ నలభై ఏళ్లు. ఉద్యోగం అయిపోతే కథ అయిపోయిందనుకోవడం జీవితకథలు రాసేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. పెన్షన్ కోసం ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, తాను బతికే ఉన్నానని తొంభై దాటాక ఎలా చెప్పుకొచ్చారు, ఎవరు తీసుకెళ్లారు? కోఠీలో గుజరాతీ గల్లీకి విడిభాగాల కోసం వెళ్లేవారని అమ్మ చెప్పినట్టు ఉత్తరంలో రాశావు, వ్యాసంలో ఏదీ? రాత్రిళ్లు మీడియం వేవ్ తిప్పుతూ కూర్చునేవారన్నావు. చీకటి పడ్డాక ఆ తరంగాలు పైన వాతావరణంలో విద్యుదావేశం ఉండే అయనావరణం పొరకి తగిలి చాలా దూరం వెళ్తాయి, పగలు అందని స్టేషన్లు అందుతాయి. ఏయే ఊళ్లు పట్టుకునేవారో ఇంట్లోవాళ్లని అడుగు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, టేపులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. తనకి వచ్చిన పని తన కళ్ల ముందే మూలపడుతుంటే అన్నేళ్లు బతకడం చిన్న విషయం కాదు. అప్పుడు ఆయన మనసులో ఏముందో మాత్రం నువ్వు ఊహించి రాయకు. ఏం చేశారో రాయి.

ఆయనతో కంట్రోల్ రూములో పనిచేసిన వాళ్లు ఒకరిద్దరు ఉన్నారన్నావు. వాళ్లకీ ఎనభై దాటి ఉంటాయి. పండగ వెళ్లాక చూద్దాంలే అనుకోకుండా ఈ ఆదివారమే వెళ్లు. ఎలాంటి మనిషని అడిగితే మంచివారండీ అంటారు, దాంతో నీకు పని జరగదు. ప్రసారం మధ్యలో ఆగిపోయిన రోజు ఎవరెక్కడికి పరిగెత్తారో అడుగు. రాత్రి డ్యూటీ దిగాక ఇంటికెలా చేరేవారో, ఎవరి అతుకు చూసి ఆయనకి కోపమొచ్చేదో అడుగు. ఫోన్‌లో రికార్డు చేసుకో, ఫ్యాన్ ఆపమని చెప్పు. తర్వాత రెండో ప్రతి నాకు పంపు, అందులో కోహిమా మూడు పేజీలు దాటకూడదు.