చేతులు జాగ్రత్త, చిట్టీ

చిట్టీ,

వచ్చే వారం నుంచి మన కొండపి చుట్టుపక్కల ఊళ్లలో ఈసుడు రోగం టీకాలు, అదే పశువులకు గర్భం పోగొట్టి మనుషులకూ అంటే బ్రూసెల్లోసిస్ టీకాలు, నువ్వే వేస్తావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో నా తర్వాత ఐస్ బాక్స్ భుజాన వేసుకునేది నువ్వే. ఆ రాత్రి కొంతసేపు సంతోషంతో, కొంతసేపు టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవే. 4 నుంచి 8 నెలల ఆడదూడలకే, బతుకులో ఒక్కసారే. కోడెదూడకు వద్దు, చూడి పశువుకు అసలే వద్దు. రైతు బతిమాలినా మొహమాటపడకు. 2019 నుంచి దేశమంతటా ఈ టీకా ఉచితంగా వేస్తున్నారు, మా రోజుల్లో ఆ భాగ్యం లేదు.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక గేదెకు ఏడో నెలలో గర్భం పోయింది, మాయ పడలేదు. అర్ధరాత్రి వెళ్లాను. గ్లౌజులు సంచిలోనే ఉన్నాయి, పట్టు దొరకదని పక్కన పెట్టాను. బొటనవేలికి కొడవలి గాటు ఉంది. వట్టి చేత్తోనే మాయ తీశాను. రైతు వేణ్ణీళ్లు పోస్తే చేతులు కడుక్కుని, టీ తాగి వచ్చేశాను.

నెల తిరక్కముందే సాయంత్రాలు జ్వరం. తెల్లారేసరికి చొక్కా తడిసిపోయేది, తుంటి నొప్పికి నడవలేకపోయేవాణ్ణి. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. ఇంటర్ చదివే మీ నాన్న నన్ను సైకిల్ మీద బస్టాండుకు తీసుకెళ్లేవాడు, దారంతా మాట్లాడేవాడు కాదు. నాలుగు నెలల తర్వాత ఒక డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడిగాడు. అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రక్తపరీక్షలో ఈసుడు రోగమని బయటపడింది. ఆరు వారాలు మందులు మింగాను. తుంటి ఇప్పటికీ పట్టేస్తుంది.

ఆ టీకాలో ఉన్నది బతికున్న క్రిమి, తల్లీ. బలం తగ్గించింది దూడ కోసం, మన కోసం కాదు. సూది గుచ్చుకున్నా, కంట్లో చుక్క పడినా అదే జ్వరం రావచ్చు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు. మన ఒంగోలు పెయ్య బుద్ధిగా నిలబడినట్టే ఉండి సూది తగలగానే ఎగురుతుంది, ఇద్దరు పట్టుకుంటేనే వెయ్యి. పొరపాటున గుచ్చుకుంటే సబ్బుతో బాగా కడిగి, ఆ రోజే సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. ఏం టీకానో, ఏం పని చేస్తావో అడగకపోయినా చెప్పు.

మొన్న పండక్కి వచ్చి వట్టి చేయి దూడ నోట్లో పెట్టావు చూడు, నాకు ఎంత కోపం వచ్చిందో! అందరి ముందు అరిచాను. ఏడ్చావట కదా, మీ అమ్మ చెప్పింది. మనసులో పెట్టుకోకు.

రేపటి బస్సులో గ్లౌజుల డబ్బా, కళ్లద్దాలు పంపుతున్నాను. నీ చేతులు మా అమ్మవిలా చిన్నవి కదా, చిన్న సైజువే తీసుకున్నాను. వదులైతే చెప్పు, మారుస్తాను.

నీ పెదనాన్న