పిల్లకి బొమ్మ కొనకుండా ఎక్కడికైనా తీసుకెళ్తే అది గిఫ్ట్ అవుతుందా?

పాపకి నాలుగో పుట్టినరోజు వస్తోంది, ఇల్లంతా బొమ్మలే, ఈసారి బొమ్మలొద్దు ఎక్కడికైనా తీసుకెళ్ళండి అని చుట్టాలకి చెప్పొచ్చా, అసలా వయసులో దానికి గుర్తుంటుందా అని అడిగారు. చెప్పొచ్చండీ, మొహమాటం లేకుండా చెప్పండి. గుర్తుంటుందా అనే మాట మాత్రం నాకు భలే చిరాకు. పుట్టువెంట్రుకలకి సింహాచలమో అన్నవరమో తీసుకెళ్ళేటప్పుడు పిల్లకి గుర్తుంటుందా అని ఒక్కరైనా అడుగుతారా? సరదాగా తిప్పుకొద్దాం అంటే చాలు, అందరికీ డబ్బు దండగ గుర్తొస్తుంది.

అయితే ఎక్కడికి అన్నదే అసలు సంగతి. నన్నడిగితే చిన్నపిల్లల్ని తీసుకెళ్ళాల్సింది ఏదైనా వస్తువు తయారయ్యే చోటికి, టికెట్లు చింపే చోటికి కాదు. మాది వైజాగ్, గాజువాక. మా అక్క కూతురికి అయిదో ఏడు వచ్చినప్పుడు అక్క ముందే ఫోన్ చేసి "ఒరేయ్, ఇంకో రిమోట్ కారు పట్టుకొచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను" అంది. అప్పటికే వాళ్ళింట్లో సోఫాలో కూర్చుంటే చాలు కింద నుంచి ఏదో ఒకటి కుయ్‌మని పాటెత్తుకునేది. సరే అని బావ కారు అడిగి తీసుకుని తల్లీకూతుళ్ళని ఏటికొప్పాక తీసుకెళ్ళా. బొమ్మలొద్దంటే బొమ్మల ఊరికి తీసుకెళ్తావేంట్రా అని అక్క యలమంచిలి దాటేదాకా సణుగుతూనే ఉంది.

తెలీనివాళ్ళ కోసం, అది వరాహ నది ఒడ్డున ఊరు, వైజాగ్ నుంచి తుని వైపు 60 పైచిలుకు కిలోమీటర్లు. లక్కపిడతలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు అన్నీ అక్కడివే. 2017లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ప్రభుత్వమిచ్చే గుర్తింపు, వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం కూడా ఈ బొమ్మలే. ఇంత పేరున్నా మా ఆఫీసులో సగం మంది ఆ ఊరి మొహం చూడలేదు, గోవా మాత్రం ఏటేటా వెళ్ళొస్తారు.

అక్కడ ఒక పెద్దాయన షెడ్‌లో లేతు మీద, అదే కర్రని గిర్రున తిప్పే మిషన్ మీద, పని చేస్తున్నాడు. చూస్తాం బాబాయ్ అంటే పిల్లకి కొంచెం దూరంగా పీట వేయించి కూర్చోబెట్టాడు. అంకుడు కర్ర ముక్క బిగించి మోటారు ఆన్ చేసి ఉలి ఆనించగానే చెక్క రింగులు రింగులుగా లేచి వచ్చి దాని ఒళ్ళో పడుతోంది, అది వాటిని ఏరుకుని గాజుల్లా చేతికి తొడుక్కుంటోంది. చూస్తుండగానే ఆ మొద్దు కాస్తా బొంగరం అయిపోయింది. తర్వాత లక్క కడ్డీ తీసి గిర్రున తిరుగుతున్న కర్రకి అదిమిపెట్టాడు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి చుట్టూతా పసుపురంగు పాకేసింది. మా గుంట నోరు తెరిచేసి "తాతా, బ్రష్ ఏదీ?" అంది. "బ్రష్షుతో పనేటి తల్లీ, వేడికే పట్టేస్తాది" అని మొగలి ఆకుతో రుద్దాడు, అప్పుడొచ్చింది మెరుపు. పసుపురంగు దేంతో చేశావంటే మీ అమ్మ కూరలో వేసే పసుపుతోనే అన్నాడు. బొంగరం చేతిలో పెడితే ఇంకా గోరువెచ్చగా ఉంది, "మావయ్యా, దీనికి జ్వరమొచ్చింది" అని అక్క దగ్గరికి పరిగెత్తింది. అప్పుడు ఆగింది అక్క సణుగుడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు దానికి అదే పిచ్చి. స్టీలు గ్లాసు చూపించి ఇదెవరు చేశారు, ఫ్యాన్ ఎవరు చేశారు, చివరికి ఇడ్లీకి గుంటలెవరు పెట్టారు అని బావ ప్రాణం తీసేసింది.

బొంగరం కొన్నారుగా, అదీ బొమ్మేగా అంటారేమో. కొన్నాం, బేరం కూడా ఆడలేదు. మాల్‌లో ఎమ్మార్పీకి నోరెత్తకుండా కార్డు గీకేసి ఇక్కడ మాత్రం పది రూపాయలు తగ్గించమని పీకే బ్యాచ్ ఒకటుంది, వాళ్ళని దయచేసి వెంట తీసుకెళ్ళకండి.

ఎక్స్‌పీరియన్స్ గిఫ్ట్ అనగానే అందరికీ ప్లే జోనే గుర్తొస్తుంది, అదే నా బాధ. గంటకింత అని కట్టాలి, మన సాక్సులు పనికిరావు వాళ్ళ దగ్గరే కొనాలి, పిల్ల ఆటలో పడేసరికి టైమైపోయిందని విజిల్. వాటర్ పార్కు ఇంకా ఘోరం, ఎత్తు చాలదని గేటు దగ్గర పిల్ల ఏడుస్తుంటే తండ్రి పైనుంచి జారుతూ సెల్ఫీ వీడియో తీసుకుంటుంటాడు. మరి గిఫ్ట్ ఎవరికిచ్చినట్టు?

మీది ఏ ఊరో రాయలేదు. హైదరాబాద్ అయితే పోచంపల్లి మగ్గాలు చూపించండి, విజయవాడ అయితే కొండపల్లి పక్కనే ఉంది. ఇవేవీ కాకపోయినా దీపావళి ముందు కుమ్మరి సారె దగ్గర ఒక గంట నిలబెట్టండి, మీ వీధి పిండిమర అయినా పర్లేదు. పొద్దున్నే వెళ్ళి భోజనాలవేళకి వచ్చేయండి, ఒకే రోజు రెండు మూడు చోట్లు పెట్టుకుంటే మూడోచోట పిల్ల మీ భుజం మీద నిద్రపోతుంది.

చుట్టాలకి మాత్రం "బొమ్మ వద్దు, ఒక ఆదివారం పొద్దున్న మీరే పాపని తీసుకెళ్ళండి" అని సూటిగా అనండి. ఆదివారం పోగొట్టుకోవడం కన్నా కారు బొమ్మే చవక అనుకుని చాలామంది మళ్ళీ ఆ బొమ్మే తెస్తారు. దాన్ని విప్పకుండా దాచి వచ్చే నెల ఇంకో పిల్లాడి బర్త్‌డేకి ఇచ్చేయండి, కాకపోతే కవర్ మీద మీ పాప పేరు రాసిన స్టిక్కర్ పీకడం మర్చిపోకండి, మా ఇంటికి అలాంటిది ఒకటొచ్చింది.