మీ ప్రశ్న - వాక్యపు వెలుగులో జవాబు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు కిరాణా కొట్టుంది. బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలైంది. అంతకుముందు పప్పులు, పంచదార కవర్లలో కట్టిపెట్టేటప్పుడు కిలోకి 950 గ్రాములే వేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. ప్రభువు క్షమించాడు కదా, ఇంకా ఏమైనా చేయాలా?
- ఒక సహోదరుడు, తెనాలి

జవాబు: మానేసినందుకు దేవునికి స్తోత్రం. క్షమాపణ దొరికిన మాట నిజమే. అయితే ఆ యాభేసి గ్రాములు ఆ ఇళ్ళకి ఇంకా చేరలేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, ప్రభువును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8). లేవీయకాండం 6వ అధ్యాయం ప్రకారమైతే అసలుకి ఐదో వంతు కలిపి, అది ఎవరిదో వాళ్ళకే ఇవ్వాలి. మీరు ఐదో వంతుతో మొదలుపెట్టండి.

ఖాతా పుస్తకం తీయండి. ఒక ఇల్లు నెలకి పది కిలోల కవర్ల సరుకు కొన్నదనుకుందాం. నెలకి అరకిలో, ఏడాదికి ఆరు కిలోలు తగ్గినట్టు. కిలో సగటున 100 రూపాయలైతే 600. ఐదో వంతు 120 కలిపితే 720. అంతా ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకి రెండు మూడు ఇళ్ళ చొప్పున తీర్చండి. కూలి చేసుకుని బతికేవాళ్ళ ఇళ్ళు ముందు.

కారణం చెప్పకుండా బాకీలో కొట్టేయవద్దు. అది దానంలా కనిపిస్తుంది, మీకు మంచి పేరొస్తుంది. “తూకం తక్కువ వేశానమ్మా, తప్పయింది. ఇది మీ డబ్బే” అనండి, చాలు. కోప్పడితే పడండి. అక్కడే నిలబడి మీరెలా మారారో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టకండి.

ఖాతా లేకుండా చిల్లరగా కొన్నవాళ్ళని వెతకలేరు. ఆ మేరకు అంచనా కట్టి, మీ వీధిలోనే ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి సరుకులివ్వండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: మొత్తం కానుక సంచిలో వేసి తేలికపడతారు. మనుషులు కళ్ళెదుట ఉండగా వాళ్ళ డబ్బు కానుకగా వేయకూడదు. అర్పణ అక్కడే విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:24).

ఇక కాటా సంగతి. పొద్దున్నే కొట్టు తెరవగానే ముద్ర ఉన్న కిలో రాయిని పళ్ళెం మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టి చూడండి. మూలకో అంకె చూపిస్తే మరమ్మతుకి ఇవ్వండి. ఫ్యాను గాలి తగిలితే సున్నా నిలవదు. బల్ల వంకరగా ఉన్నా తూకం తప్పుతుంది. డబ్బాలో తూచేటప్పుడు ఖాళీ డబ్బా పెట్టి, టేర్ అనే మీట నొక్కి, అంకె సున్నాకి వచ్చాకే సరుకు పోయండి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి.

ప్రశ్న: పొలం పనికి వచ్చినవాళ్ళకి చిల్లర లేక శనివారం కూలి సోమవారం ఇస్తున్నాను. తప్పా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తప్పే. పొద్దు గూకకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24:15 చెబుతోంది. ఆదివారం వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలగాలి. శుక్రవారమే చిల్లర తెచ్చిపెట్టుకోండి. ఫోనులో పంపేటట్టయితే ఆ నంబరు ఎవరిదో అడగండి. మేస్త్రీకో, భర్తకో పంపితే నాట్లు వేసిన మనిషి చేతికి ఎంత చేరిందో మీకు తెలియదు.

ప్రశ్న: మా సంఘ స్త్రీలం ఆసుపత్రికి వెళ్ళి రోగుల కోసం ప్రార్థిస్తాం. ఈమధ్య నర్సు కసురుకుంది. మానేయాలా?
- ఒక సహోదరి, ఖమ్మం

జవాబు: మానవద్దమ్మా, వెళ్ళే పద్ధతి మార్చుకోండి. ఎనిమిది మంది మంచం చుట్టూ నిలబడితే రోగికి గాలి ఆడదు, సెలైను మార్చడానికి నర్సుకి దారుండదు. ఇద్దరు చాలు, పది నిమిషాలు చాలు. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు ఆగిపోవాలి. “ప్రార్థన చేయమంటారా?” అని అడిగి, పక్క మంచానికి వినపడనంత మెల్లగా చేయండి. కట్టు దగ్గర నూనె రాయకండి. మందులు ఆపమనే మాట నోట రానీయకండి. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు అలవాటుగా తీసుకెళ్తాం గానీ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి వాటిలోని పొటాషియం ప్రమాదం. ముందు ఇంటివాళ్ళని అడగండి.

అన్నిటికన్నా అవసరం రోగి పక్కన రాత్రుళ్ళు మేలుకునే మనిషిది. వంతులు వేసుకోండి: ఒకరు రాత్రి ఎనిమిదికల్లా భోజనం చేసి, దుప్పటి, నీళ్ళ సీసా, ఫోను ఛార్జరు తీసుకుని వెళ్ళాలి. ఏ మందు ఎన్నింటికో కాగితం మీద రాయించుకుని, ఇంటివాళ్ళ నంబరు దగ్గర పెట్టుకోవాలి. అప్పుడు మూడు రోజులుగా రోగి పక్కన కుర్చీలో కునికిన తల్లి ఇంటికెళ్ళి, నీళ్ళు పోసుకుని, నడుం వాల్చి పొద్దున ఏడింటికి వస్తుంది.