ఇంగ్లండ్ పల్లెదారుల్లో సైకిలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మే నెలలో మేమిద్దరం మూడు రోజులు కాట్స్‌వోల్డ్స్‌లో సైకిళ్ల మీద తిరగాలనుకుంటున్నాం. ఇద్దరికీ యాభై దాటాయి. ఊళ్లో పది మైళ్ల దాకా తొక్కే అలవాటుంది. రోజుకు 45 మైళ్లు సులువేనని ఫోన్‌లో యాప్ చెబుతోంది. నమ్మొచ్చా? (రీడింగ్ నుంచి ఒక పాఠకురాలు)

నమ్మకండి. సామాను కట్టిన సైకిలు మీద, దారిలో ఊళ్లు చూసుకుంటూ వెళ్లేవారికి రోజుకు 20 మైళ్లు నిండైన ప్రయాణం. ఈ ప్రాంతంలో అలసట మైళ్లను బట్టి రాదు, ఎక్కుళ్లను బట్టి వస్తుంది.

కాట్స్‌వోల్డ్ కొండలు ఒకవైపు ఎత్తిపెట్టిన పలకలా ఉంటాయి. పడమట సెవర్న్ మైదానం నుంచి నిట్టనిలువుగా లేచి, క్లీవ్ హిల్ దగ్గర 330 మీటర్లకు చేరి, అక్కడి నుంచి ఆగ్నేయంగా మెల్లగా వాలిపోతాయి. విండ్‌రష్, కోన్, లీచ్ నదులు ఆ వాలు వెంబడే పారి థేమ్స్‌లో కలుస్తాయి. నదితో పాటు సాగే దారి కాళ్లకు సుఖం. నదులకు అడ్డంగా వెళ్లే దారిలో ప్రతి లోయలోకీ దిగాలి, ప్రతి లోయలోంచీ ఎక్కాలి. మైళ్లు తక్కువే అయినా మోకాళ్లు మొరపెడతాయి.

అందుకే ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి గులాబి అట్ట ల్యాండ్‌రేంజర్ మ్యాపు కొనుక్కోండి. 1:50,000 కొలతలో ఉండే ఆ మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఒక్కో ఎత్తుగీతకూ పక్కగీతకూ మధ్య తేడా 10 మీటర్లు. మీ దారి పైకి ఎక్కేటప్పుడు ఎన్ని గీతలు దాటుతోందో లెక్కపెట్టి పదితో గుణించండి. రోజు మొత్తానికి ఆ లెక్క 300 మీటర్లు దాటకుండా చూసుకుంటే మీ ఇద్దరికీ హాయిగా ఉంటుంది. రోడ్డు మీద ఒక్క బాణం గుర్తుంటే వాలు 14 నుంచి 20 శాతం, జంట బాణాలుంటే 20 శాతం పైనే. బాణం మొన దిగుడు వైపు చూస్తుంది. జంట బాణాల దారిని ఎక్కడానికి ఎంచుకోవద్దు. దిగడానికైనా, వానపడిన రోజున వద్దు. పసుపు రంగులో గీసిన చిన్న రోడ్లే మీవి.

మీరు రీడింగ్‌లో ఉన్నారు కాబట్టి కెంబుల్ దాకా రైల్లో వెళ్లి, తిరుగు రైలు మోర్టన్-ఇన్-మార్ష్‌లో ఎక్కండి. రెండూ మీ ఊరి మీదుగా లండన్ ప్యాడింగ్టన్ వెళ్లే లైన్లే. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది గనుక ఈ దిశలో వీపునుంటుంది. మొదటి రోజు కెంబుల్ నుంచి సైరన్‌సెస్టర్, ఆంప్నీ క్రూసిస్ మీదుగా బైబరీ. రెండో రోజు కోన్ సెయింట్ ఆల్డ్విన్స్, ఈస్ట్‌లీచ్, వెస్ట్‌వెల్ మీదుగా బర్‌ఫర్డ్. ఈస్ట్‌లీచ్‌లో చిన్న ఏటికి అటొకటి ఇటొకటిగా రెండు పాత చర్చిలున్నాయి, మధ్యలో రాతిపలకల కాలివంతెన. అక్కడ గంటసేపు ఆగినా తప్పులేదు. ఈ రెండు రోజులూ 15 మైళ్లలోపే. మూడో రోజు టేంటన్, గ్రేట్ బారింగ్టన్, గ్రేట్ రిసింగ్టన్, బోర్టన్-ఆన్-ద-వాటర్, రెండు స్లాటర్ గ్రామాలు, లాంగ్‌బరో దాటి మోర్టన్. ఇది 20 మైళ్ల పైచిలుకు. స్లాటర్‌లు దాటాక ఎక్కుడుంది, దానికోసం ఓపిక దాచుకోండి.

మ్యాపులో ఫాస్ వే అనే రోమన్ల కాలపు రోడ్డు తిన్నగా కనిపించి ఊరిస్తుంది. ఈ ప్రాంతంలో అదే ఏ429 అనే పెద్ద రోడ్డు, లారీల దారి. దాన్ని అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట వెళ్లొద్దు.

గేర్ల విషయం. ముందున్న అతి చిన్న పళ్లచక్రానికీ వెనకున్న అతి పెద్ద చక్రానికీ పళ్ల సంఖ్య సమానంగా ఉండాలి, ఉదాహరణకు 34, 34. వెనకది ఇంకా పెద్దదైతే మరీ మంచిది. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక అన్నిటికన్నా పెద్దది 25 పళ్లది ఉన్న రేసు సైకిలుతో సామాను మోసుకుంటూ ఎక్కలేరు. మే చివరి సోమవారం బ్యాంకు సెలవు, అంటే అందరికీ సెలవు రోజు. ఆ వారాంతం మాత్రం మానుకోండి. రోడ్లు కిక్కిరిసిపోతాయి, రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వనివారూ ఉంటారు.

అక్టోబరులో వారం రోజుల ప్రయాణం. రోజూ పంక్చరే. కొత్త ట్యూబు వేసిన గంటకే మళ్లీ గాలి పోయింది. ట్యూబుల నాణ్యత లోపమా? (లెస్టర్)

కాదు. ముల్లు టైర్లోనే ఉండిపోయింది.

ఇక్కడి పల్లెదారులకు రెండువైపులా ఉండే పచ్చకంచెల్లో హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్లమొక్కలే ఎక్కువ. పక్షులు గూళ్లు పెట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా రైతులు కంచె కత్తిరించకూడదన్న నియమం ఉంది. అది ముగియగానే ట్రాక్టరుకు తగిలించిన యంత్రంతో నరుకుతారు. తునిగిన ముళ్లకొమ్మలు రోడ్డంతా పరుచుకుంటాయి. వాన వాటిని అంచుల్లోకి తోస్తుంది. పైగా తడిసిన రబ్బరులోకి ముల్లు ఇట్టే దిగుతుంది. కాబట్టి శరత్కాలంలో అంచు పట్టుకుని తొక్కకండి. కార్ల చక్రాలు నడిచి నడిచి శుభ్రమైన జాడ ఒకటుంటుంది, దాని మీదే ఉండండి. కొత్తగా కత్తిరించిన కంచె కనిపిస్తే సైకిలు దిగి నడిపించుకుపోవడమే మేలు. రెండు నిమిషాల నడక అరగంట పనిని తప్పిస్తుంది.

టైరు బిగించేటప్పుడే దాని మీది పేరు వాల్వు ఎదురుగా వచ్చేలా పెట్టండి. పంక్చరైనప్పుడు ట్యూబుకు గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వు నుంచి అంతే దూరంలో టైరును వెతకండి. ట్యూబును తిప్పి పట్టుకున్నారేమోనన్న అనుమానం ఉంటే వాల్వుకు రెండోవైపు అంతే దూరంలోనూ చూడండి. లోపలివైపు పాత గుడ్డతో తుడవండి, ముల్లుంటే దారాలు పట్టుకుంటాయి. బయటివైపు టైరును మడిచి నొక్కితే నల్లటి చుక్క పైకి తేలుతుంది. రెండు మిల్లీమీటర్ల మొన మిగిలినా చాలు, పది మైళ్లలో మళ్లీ గుచ్చుకుంటుంది. గోళ్లతో రాదు, చిన్న పట్టకారు సంచిలో ఉంచుకోండి.

వానలో ప్యాచ్ అతకదు. అందుకే మనిషికి రెండు కొత్త ట్యూబులు మోయాలి, అతుకులు రాత్రి గదిలో వేసుకోవాలి. గరుకు కాగితంతో రుద్ది, జిగురు పలచగా పూసి, మెరుపు పోయి మసకబారేదాకా ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు ప్యాచ్ నొక్కండి. తొందరపడి తడి జిగురు మీదే అతికించడం వల్లే చాలా ప్యాచ్‌లు ఊడిపోతాయి. కొత్త ట్యూబు వేశాక, గాలి కొట్టే ముందు వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలండి. లేకపోతే టైరు అంచు కింద ట్యూబు నలిగి పేలుతుంది.

చిల్లు ఒకటి కాక పక్కపక్కనే రెండు సన్నని గాట్లు కనిపిస్తే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. 35 మిల్లీమీటర్ల టైరుకు సామానుతో వెనక 55 నుంచి 60, ముందు 45 నుంచి 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి. టైరు మీద రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటొద్దు.

పొలంలోంచి చక్కటి కాలిబాట కనిపించింది. పసుపు బాణం గుర్తు ఉంది. సైకిలు మీద వెళ్తుంటే అది నడిచేవారికే అన్నారు. నిజమా?

నిజమే. పసుపు బాణం ఫుట్‌పాత్‌ది, అక్కడ సైకిలు తొక్కే హక్కు లేదు. నీలం బాణం బ్రిడిల్‌వేది, అంటే గుర్రాలు కూడా వెళ్లే బాటది. 1968 చట్టం నుంచి అందులో సైకిళ్లకు అనుమతి ఉంది, కానీ నడిచేవారికీ గుర్రాలకూ దారి ఇవ్వాలి. ఊదా రంగు, ఎరుపు రంగు బాణాలున్న బైవే అనే బండిదారుల్లోనూ వెళ్లవచ్చు. అయితే హక్కుంది కదా అని అది మంచి దారి అనుకోవద్దు. వానపడ్డాక బ్రిడిల్‌వే బంకమట్టి మడ్‌గార్డులో పట్టేసి చక్రమే తిరగదు.

గుర్రాన్ని వెనక నుంచి చేరుతుంటే దూరం నుంచే పలకరించండి. గంట కొట్టడం కంటే మనిషి గొంతు నయం. వేగం బాగా తగ్గించి, కుడివైపు నుంచి, ఎడంగా దాటండి. ఎడమవైపు నుంచి ఎప్పుడూ దాటకండి. గేటు మూసి ఉంటే తెరిచి, దాటాక మళ్లీ మూయండి.

సైకిళ్లను రైల్లో ఎక్కించడానికి డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. కానీ గ్రేట్ వెస్టర్న్ వారి దూరప్రయాణ రైళ్లలో సైకిలుకు ముందుగా చోటు బుక్ చేయడం తప్పనిసరి. దానికీ రుసుము లేదు. చోట్లు చాలా తక్కువ గనుక సీటుతో పాటే బుక్ చేయండి. సైకిలును ముందు చక్రంతో నిలువుగా వేలాడదీయాలి, దాన్ని పెట్టే అర ఇరుకుగా ఉంటుంది. ప్లాట్‌ఫారం మీదే సంచులన్నీ విప్పి సిద్ధంగా ఉండండి. పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీవేళ చాలా రైళ్లలో మడత సైకిళ్లనే రానిస్తారు. ఆదివారాలు ట్రాక్ మరమ్మతుల వల్ల రైలుకు బదులు బస్సు వేస్తే, అందులో మామూలు సైకిలును ఎక్కించుకోరు. టికెట్టు కొనేముందే ఆ సంగతి చూసుకోవాలి.

బైబరీలో జనమే జనం. ఫోటో తీసేందుకు కూడా చోటు లేదు. ఇంతకన్నా ప్రశాంతమైన పాత ఊళ్లు చెప్పగలరా? కొండలు తక్కువుంటే మేలు. (మిల్టన్ కీన్స్)

బైబరీని తప్పుపట్టకండి. ఆర్లింగ్టన్ రో నిజంగా చూడదగ్గది. 14వ శతాబ్దంలో మఠంవారి ఉన్ని గిడ్డంగిగా కట్టినదాన్ని 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. టూరిస్టు బస్సులు రాకముందు, ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి. ఆ ఊళ్లోనే రాత్రి ఉంటే సాయంత్రం ఆరు తర్వాత వీధంతా మీ సొంతమే.

మీరు అడిగినదానికి మాత్రం సఫోక్ సరిపోతుంది. ఆ జిల్లాలో అతి ఎత్తైన చోటే 128 మీటర్లు. మార్క్స్ టే దగ్గర రైలు మారి సడ్‌బరీలో దిగండి. లాంగ్ మెల్‌ఫర్డ్, లావెన్‌హమ్, కెర్సీ ఊళ్లను కలుపుతూ చిన్నరోడ్ల మీద చుట్టి మళ్లీ సడ్‌బరీ చేరడానికి రెండు రోజులు పెట్టుకోండి. కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు సున్నపురాయి నేల కిందే దొరికింది, ఇళ్లన్నీ దాంతోనే కట్టారు. సఫోక్‌లో కట్టడానికి అలాంటి రాయి లేదు. ఓకు దూలాలతో చట్రం కట్టి, మధ్య ఖాళీలను మట్టి, గచ్చులతో పూడ్చారు. లావెన్‌హమ్ గిల్డ్‌హాలు (పాతకాలపు సంఘం భవనం) 1530 ప్రాంతపుది. ఉన్నిబట్టల వ్యాపారంతో ఈ ఊరు దేశంలోని సంపన్న పట్టణాల్లో ఒకటైంది. తర్వాత ఆ వ్యాపారం పడిపోయింది, పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు లేకపోయింది. ఒరిగిన గోడలతో ఆ వీధులు అలాగే నిలిచాయంటే కారణం అదే.

కెర్సీలో ప్రధాన వీధికి అడ్డంగా వాగు పారుతుంది. అందులోంచి సైకిలు పోనివ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దు. నీటి అడుగున పాచి ఉంటే బ్రేకు వేయకపోయినా చక్రం జారుతుంది. పక్కనే కాలివంతెన ఉంది. సఫోక్‌లో ముళ్లతో పాటు చెకుముకిరాయి పెచ్చులూ ఉంటాయి, టైరును కత్తిలా కోస్తాయి. చీలిక పడితే లోపలివైపు ఒక టైరుముక్క గానీ, మడతపెట్టిన దళసరి ప్లాస్టిక్ గానీ అడ్డం పెట్టి, గాలి కాస్త తక్కువగా నింపి, దగ్గర్లోని షాపు దాకా వెళ్లొచ్చు.

ఇరుకుదారిలో వెనక కారు వస్తే భయమేస్తోంది. అంచుకు జరగాలా?

మలుపు దగ్గర జరగకండి. మీరు జరిగితే చోటుందనుకుని కారు దూరుతుంది, ఎదుటి బండి ఎవరికీ కనిపించదు. మలుపు దాటేదాకా దారి మధ్యలోనే ఉండి, పొలం గేటు గానీ వెడల్పు చోటు గానీ రాగానే ఆగి పోనివ్వండి. 30 మైళ్ల వేగం దాకా సైకిలును కనీసం 1.5 మీటర్ల ఎడంతో దాటాలని 2022 జనవరి నుంచి హైవే కోడ్ అనే రోడ్డు నియమాల పుస్తకం చెబుతోంది. తెల్లని గుండ్రటి బోర్డు మీద నల్లగీత ఉంటే, అంత సన్నదారిలో కూడా కార్లకు 60 మైళ్ల దాకా పరిమితి ఉందని అర్థం. పగలైనా వెనక ఎర్రదీపం వెలిగించే ఉంచండి. ఆగస్టు కోతల్లో ట్రాక్టరు ట్రైలరు దారి వెడల్పంతా పడుతుంది. చప్పుడు వినగానే సైకిలుతో సహా రోడ్డు దిగండి.

మేం శాకాహారులం. పల్లెల్లో తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, వేళకు వెళ్తే. చాలా పబ్‌లలో వంటగది 12 నుంచి 2 లేదా 2:30 దాకా, తిరిగి సాయంత్రం 6 తర్వాతే. సోమవారాలు మూసే పబ్‌లూ ఉన్నాయి. చీజ్ ప్లవ్‌మన్స్ (రొట్టె, చీజ్, ఊరగాయ), బీన్స్ వేసిన జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. చిప్స్ ఏ నూనెలో వేయించారో అడగండి, కొన్నిచోట్ల పశువుల కొవ్వులోనో, చేపలు వేయించిన నూనెలోనో వేస్తారు. సూపు కూరగాయలదే అయినా అందులో మాంసం ఉడికించిన నీళ్లు కలిశాయేమో అడగాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, పబ్‌లో ఏదైనా కొన్నవారు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. పల్లె దుకాణాలు ఆదివారం మధ్యాహ్నానికే మూసేస్తారు గనుక ఆ రోజుకు కావలసిన రొట్టె, పళ్లు, వేరుశనగలు శనివారమే సంచిలో వేసుకోండి.