ముందు సుద్దముక్కతో గీసుకో

సఖినేటిపల్లి

చి॥ చిట్టికి, మావయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లు రెండుసార్లు విన్నాను. కంప్యూటర్ గేమ్స్ చేయడం నేర్పే కోర్సులో చేరి రెండేళ్లయినా ఒక్క గేమ్ కూడా పూర్తి చేయించలేదని, ల్యాబ్‌లో గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీ ఇంకా పాత వెర్షనే ఉందని, పరీక్షలో "గేమ్ మెకానిక్స్ అనగానేమి" అని పది మార్కులకి అడిగారని, గ్రూపు ప్రాజెక్టులో నలుగురి పనీ నీ నెత్తినే పడిందని చెప్పావు. నాన్న కౌలు డబ్బులతో ఫీజు కట్టాడు కాబట్టి ఇంట్లో నోరు విప్పలేకపోతున్నానని నువ్వన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. నీ కోపం న్యాయమైనదే. బావకి నేను నెమ్మదిగా చెబుతాను, ఆ టెన్షన్ నువ్వు పెట్టుకోకు. మానేయాలా వద్దా అన్నది మాత్రం ఈ వారం తేల్చకు.

నేను హైదరాబాదులో ఈ పనిలో చేరినప్పుడు జావా ఫోన్లకి, అంటే బటన్ల పాత సెల్‌ఫోన్లకి, ఆటలు చేసేవాళ్లం. కొన్ని ఫోన్లలో ఆట మొత్తం 64 కేబీలో ఇమడాలి. నువ్వు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో దానికంటే పెద్దది. ఆ ఫోన్లూ పోయాయి, మేం వాడిన సాఫ్ట్‌వేరూ పోయింది. అప్పట్లో ఒక ఆటకి మూడు నెలలు కష్టపడి, బయటివాళ్లెవరికీ చూపించకుండానే పంపించేశాం. మొదట ఆడిన మనిషి మొదటి స్క్రీన్ కూడా దాటలేకపోయాడు. నాకు నిలిచిన చదువు అదే. ఆడేవాడి చెయ్యి ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. అది చూడ్డానికి కాలేజీ ల్యాబ్ అక్కర్లేదు.

పాత వెర్షన్ గురించి అంత బాధపడకు. 2023 సెప్టెంబర్‌లో యూనిటీవాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంత అని రుసుము ప్రకటిస్తే ఎంతోమంది డెవలపర్లు మండిపడ్డారు, ఏడాది తర్వాత దాన్ని రద్దు చేశారు. ఒక్క సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుంటే ఇలాంటి కుదుపులు తప్పవు. గోడో కూడా అలాంటి సాఫ్ట్‌వేరే, ఉచితం, నీ పాత ల్యాప్‌టాప్ మీద చిన్న ఆటలకి చక్కగా సరిపోతుంది. బొమ్మలకి బ్లెండర్ ఉంది, అదీ ఉచితమే.

ఇక ఆ పది మార్కుల ప్రశ్న. మెకానిక్స్ అంటే ఆట నడిచే రూల్సే. అమ్మమ్మతో అష్టాచెమ్మా ఆడేదానివి, గుర్తుందా? నాలుగు గవ్వలు. ఒక్కో గవ్వ బోర్లా పడడానికీ వెల్లకిలా పడడానికీ సమాన అవకాశం ఉందనుకుంటే మొత్తం 16 రకాలుగా పడతాయి. అందులో రెండు వెల్లకిలా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా 1, నాలుగూ బోర్లా పడే అష్టా 1. పదహారింట ఒక్కసారి వచ్చే అష్టాకి ఎనిమిది గడులు, పైగా ఇంకో పందెం. అందుకే వెనకబడినవాడు కూడా చివరిదాకా ఆశ వదలడు. ఆట ఒకవైపుకే ఒరిగిపోకుండా రూల్స్ సరిచూసుకోవడం, మీ సిలబస్‌లో బ్యాలెన్సింగ్ అనేది ఇదే. పులి-మేక చూడు, మూడు పులులకి పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది, మేకలు చుట్టుముట్టి కదలకుండా కట్టేస్తాయి. బలం రెండు వైపులా ఒకేలా లేకపోయినా పోటీ ఉంటుంది. నిర్వచనం బట్టీ పట్టకుండా గవ్వలు వందసార్లు వేసి, ఏది ఎన్నిసార్లు పడిందో రాసుకో. నిజం గవ్వలు ఆ లెక్క ప్రకారం పడవు. ఎంత తేడా వస్తోందో నీ కళ్లతో నువ్వే చూడు.

ఫైనలియర్‌కి కోనసీమంతా ఆడేవాడు ఎటు కావాలంటే అటు తిరిగే ఓపెన్ వరల్డ్‌గా చేస్తానన్నావు. వద్దమ్మా. నీ టీమ్‌కి అది పూర్తికాదు, సగం చేసిన ఆటని ఇంటర్వ్యూలో చూపించుకోలేవు. మన రేవులోంచి మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు ఉంది కదా, అది తీసుకో. బైకులు, కారు, కొబ్బరి బస్తాలు, జనం. ఏది ఎటు పెట్టాలి? ఆట అంతే.

మొన్న ఆదివారం నేనే అరుగు మీద సుద్దముక్కతో పంటు గీశాను. చింతగింజలు మనుషులు, అగ్గిపెట్టెలు బైకులు, కొబ్బరిచిప్ప కారు. రెండు వైపులా బరువులో తేడా బాగా ఎక్కువైతే పంటు ఒరిగినట్టు. పక్కింటి కుర్రాణ్ణి కూర్చోబెట్టాను, పదేళ్లుంటాయి. వాడు అన్నీ ఒడ్డు వైపుకే పేర్చేశాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. రెండుసార్లు ఒరిగాక కారుని తనే నడిమికి జరిపాడు. తర్వాత తలెత్తి, "తాతా, అవతల ముందెవరు దిగుతారు?" అన్నాడు. దిగే వరస గురించి నేను అసలు ఆలోచించనే లేదు. ఆటకి రెండో రూలు వాడి ప్రశ్నలోంచి వచ్చింది. నువ్వూ ఇలాగే చెయ్యి. హాస్టల్లో గేమ్స్ ఆడని అమ్మాయిని కూర్చోబెట్టు, పక్కన ఉండు, ఒక్క మాట సాయం చెప్పకు, ఆగిన చోటల్లా రాసుకో. అయిదుగురితో ఆడించాకే కంప్యూటర్ తెరువు.

గ్రూపు సంగతి. ఎవరు ఏ మార్పు చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్ గిట్ వాడండి, ఎవరి పని వాళ్ల పేరు మీదే ఎక్కించండి. ఎవరు ఏం చేశారో మేడంకి అదే చూపిస్తుంది, నువ్వు చాడీలు చెప్పినట్టూ ఉండదు.

హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్తే కోర్సు బాలేదని మొదలుపెట్టకు, ఆయన కాదనడం తప్ప ఏం చేయలేడు. సాయంత్రం ఏడుదాకా ల్యాబ్ తెరిచి ఉంచమని నలుగురూ సంతకాలు పెట్టి కాగితం ఇవ్వండి. అలాంటిదైతే ఒప్పుకోవడానికి ఆయనకీ వీలుంటుంది. పరీక్షలకి పాత ప్రశ్నపత్రాలు తిరగేసి పాసవ్వు, బ్యాక్‌లాగ్ మాత్రం పెట్టుకోకు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి ఏటా జనవరి చివర్లో జరుగుతోంది. కొద్ది రోజుల్లో ఓ చిన్న ఆట మొదలుపెట్టి ముగించేయాలి. ముగించడం అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. తప్పకుండా పేరివ్వు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గవ్వల లెక్క రాసిన పుస్తకం తెచ్చుకో. కనుమ వెళ్లాక ఒక పూట రేవులో కూర్చుని ట్రిప్పుకి ఎన్ని బైకులు ఎక్కుతున్నాయో, ఏ వరసలో దిగుతున్నాయో రాసుకుందాం. ఆ రెండో రూలు ఏమైందని కుర్రాడు రోజూ అడుగుతున్నాడు. చిట్టి అక్క వచ్చి తేలుస్తుందని చెప్పాను.

నీ మావయ్య