పాఠకుల ప్రశ్నలు: సైక్లోట్రాన్ అయస్కాంతం

ప్రశ్న: కోఠీలో కొన్న బొటనవేలంత నియోడైమియం అయస్కాంతాన్నే బీరువా తలుపు నుంచి ఊడదీయలేకపోతున్నాను. అలాంటిది సైక్లోట్రాన్‌ అయస్కాంతం తయారీకి ఏళ్లు పడుతుందని మా అధ్యాపకులు ఎందుకు అంటున్నారు? చుట్టూ ఇనుము మూసుకొని ఉండే ఆ యంత్రం నడిమధ్యకు కణాలను ఎలా పంపుతారు?
– డిగ్రీ విద్యార్థి, తార్నాక

జవాబు: సైక్లోట్రాన్ అంటే విద్యుదావేశమున్న కణాలను అయస్కాంత క్షేత్రంలో గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచే యంత్రం. బలం విషయంలో మీ అయస్కాంతాన్ని తీసిపారేయనక్కరలేదు. ఆసుపత్రుల కోసం ఐసోటోపులు తయారుచేసే చాలా సైక్లోట్రాన్లలో సగటు క్షేత్రం 1 నుంచి 2 టెస్లాల (టెస్లా అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) మధ్యే ఉంటుంది. అయితే మీ అయస్కాంతపు క్షేత్రం రెండు సెంటీమీటర్ల దూరానికే బాగా పడిపోతుంది. సైక్లోట్రాన్‌లో అది సుమారు మీటరు వ్యాసమున్న ధ్రువాల మధ్య, ప్రతి వ్యాసార్ధం దగ్గరా ముందుగా లెక్కకట్టిన విలువకు కట్టుబడి ఉండాలి. ఏళ్లు పట్టేది ఈ కట్టుబాటుకే.

ప్రోటాన్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం క్షేత్రాన్ని బట్టి ఉంటుంది. 1 టెస్లాకు అది సెకనుకు దాదాపు 1.52 కోట్ల చుట్లు తిరుగుతుంది. వేగం పెంచే రేడియో పౌనఃపున్య వోల్టేజీ మాత్రం తన లయలో తాను నడుస్తుంది. క్షేత్రం వెయ్యింట ఒక వంతు తక్కువైందనుకోండి, చుట్టుకొక ఆవృత్తి చొప్పున నడిచే యంత్రంలో 200 చుట్లు తిరిగేసరికి కణం 72 డిగ్రీలు వెనకబడుతుంది. 90 దాటితే అదే వోల్టేజీ దాని వేగాన్ని తగ్గించడం మొదలుపెడుతుంది.

ఇంతటితో అయిపోలేదు. 18 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ప్రోటాన్ ద్రవ్యరాశి సాపేక్షతా ప్రభావం వల్ల దాదాపు 2 శాతం పెరుగుతుంది కాబట్టి, అంచు వైపు క్షేత్రాన్నీ అంత మేర పెంచాలి. కానీ అలా పెరిగే క్షేత్రం కణాలను మధ్యతలంలో ఉండనివ్వక పైకో కిందికో నెట్టేస్తుంది. 1938లో భౌతిక శాస్త్రవేత్త థామస్ దీనికి చూపిన ఉపాయం, ధ్రువాల ముఖాన్ని మిట్టపల్లాలుగా చెక్కి, కణం ప్రతి చుట్టులోనూ బలమైన క్షేత్రం నుంచి బలహీన క్షేత్రంలోకి మారుతూ మధ్యతలానికి తిరిగొచ్చేలా చేయడం. అందుకే ధ్రువాన్ని మరపట్టాక, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే హాల్ ప్రోబ్‌తో అంగుళం అంగుళం కొలిచి, అంచులను అవసరమైనంత గీకి, మళ్లీ కొలుస్తారు. ఎక్కువ గీకేసిన ఇనుమును తిరిగి అతికించడం తేలిక కాదు గనుక, ఈ పని చేసేవాళ్లకు ఓపిక కంసాలికి ఉన్నంత ఉండాలి.

ఇక మీ రెండో సందేహం. చిన్న యంత్రాల్లో అయాన్ మూలాన్ని (కణాలు పుట్టే పరికరాన్ని) నడిమధ్యలోనే అమర్చడం మామూలే. ఎక్కువ పుంజం (కణాల ధార) కావాలంటే ఆ మూలాన్ని బయట ఉంచి, ధ్రువం మధ్యలో నిలువుగా తొలిచిన రంధ్రం గుండా అయాన్లను దింపుతారు. నిలువుగా దిగిన పుంజం 90 డిగ్రీలు వంగి అడ్డంగా తిరగడం మొదలుపెట్టాలి. 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు 1.5 టెస్లాలో తొలి వృత్తపు వ్యాసార్ధం 1.7 సెంటీమీటర్లే కాబట్టి చోటు చాలా ఇరుకు. అక్కడ ఉండేది సర్పిల ఇన్‌ఫ్లెక్టర్: పక్కపక్కన పెట్టి మెలిపెట్టిన రెండు లోహపు పట్టీలు, మధ్యలో మిల్లీమీటర్ల సందు, వాటిమీద వేల వోల్టులు. పుంజం వంగుతున్న కొద్దీ అయస్కాంతం దాన్ని పక్కకు లాగుతుంది కాబట్టి, విద్యుత్ క్షేత్రం ఎప్పుడూ కణం వేగానికి లంబంగా ఉండేలా పట్టీలనూ మెలితిప్పాలి. నా దృష్టిలో యంత్రం మొత్తానికి అందమైన భాగం అదే.

ఎడతెగకుండా వచ్చే పుంజంలో వోల్టేజీ లయకు కుదిరేది సుమారు పదోవంతే. అందుకని దారిలో బంచర్ అనే పరికరం పెట్టి, ముందు వెళ్లేవాటిని కొంచెం ఆపి, వెనకున్నవాటిని కొంచెం తోసి, గుంపులుగా చేస్తారు.

ప్రశ్న: అంత కష్టపడి తిప్పిన పుంజాన్ని బయటికి ఎలా తీస్తారు?
– పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: వైద్య సైక్లోట్రాన్లలో ఎక్కువగా హైడ్రోజన్ రుణ అయాన్లను తిప్పుతారు. అంచున అడ్డుపెట్టిన పలుచని కార్బన్ రేకు రెండు ఎలక్ట్రాన్లనూ ఊడబెరకగానే కణం ధనావేశిత ప్రోటాన్‌గా మారి, అదే అయస్కాంతంలో ఎదురు దిక్కుకు వంగి బయటికి వస్తుంది. ఆ ప్రోటాన్లు ఆక్సిజన్-18 ఉన్న నీటిని తాకితే, పెట్ స్కాన్లకు వాడే ఫ్లోరిన్-18 పుడుతుంది. అది 110 నిమిషాలకు సగమైపోతుంది కనుక సైక్లోట్రాన్ నుంచి ఆసుపత్రికి దారి ఎంత తక్కువైతే అంత మేలు.